చెరువు గట్టున గుడారం: బయలుదేరే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసినవి

సెలవులంటే ఒకప్పుడు అమ్మమ్మగారి ఊరు. ఇప్పుడు మన సంఘ కుటుంబాల్లో కూడా నాలుగైదు ఇళ్ళవారు కలిసి వ్యాను మాట్లాడుకుని, ఏదో ఒక చెరువు దగ్గర గుడారం వేసుకుని ఒక రాత్రి గడిపి రావడం అలవాటైంది. దసరా సెలవులో, క్రిస్మస్ సెలవులో దగ్గర పడ్డాయంటే మా ఓ.పి. కిటికీ దగ్గర "సిస్టరమ్మా, లక్నవరం పోతున్నం, పిల్లలకు ఏమన్న మాత్రలు రాసియ్యండి" అనే మాట తరచుగా వినిపిస్తుంది. పిల్లలు ఫోను, టీవీ వదిలి చెట్టూ నీరూ చూడడం మంచిదే. వద్దనే ఉద్దేశం మాకు లేదు. అయితే మాత్రల పొట్లం కట్టి ఇవ్వడం చాలా చిన్న పని. అంతకన్నా ముఖ్యమైన ఏర్పాటు ఒకటుంది. దానిని ఇంట్లో కూర్చుని మీరే చేసుకోవాలి. అక్కడికి వెళ్ళాక ఎవరు ఏ పని చూస్తారో పేరు పెట్టి పంచుకోవడమే ఆ ఏర్పాటు.

ఎందుకింతగా చెబుతున్నామంటే, విహారయాత్ర నుండి మా క్యాజువాలిటీకి వచ్చే కుటుంబాలలో సామాను మరచిపోయి వచ్చినవారు తక్కువ. వారి సంచుల్లో అన్నీ ఉంటాయి. "ఆయన చూస్తున్నాడు గదా అనుకున్నాం" అనే మాటే మేము ఎక్కువగా వింటాం. ఒకసారి ఏడేళ్ళ బాబును తీసుకువచ్చారు. అది సొంత ఊరి చెరువే. ఒడ్డున పెద్దవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. తల్లి వంట దగ్గర ఉంది, తండ్రి ఫోటోలు తీస్తున్నాడు, మేనమామ కారులో నుండి కుర్చీలు దించుతున్నాడు. బాబు మోకాలి లోతు నీళ్ళలో ఆడుకుంటున్నాడని అందరికీ తెలుసు. మరో రెండడుగులు వేస్తే అక్కడ గుంత ఉందని ఎవరికీ తెలియదు. పక్కన బట్టలు ఉతుకుతున్న ఒక తల్లి చూసి లాగబట్టి ఆ బిడ్డ బ్రతికాడు. పదకొండు మంది ఉండి కూడా చూసేవారు ఒక్కరూ లేరు. నిర్లక్ష్యంగా ఉండే కుటుంబం కాదు అది. పని పంచుకోలేదు, అంతే.

ఎక్కడికి, ఎప్పుడు

మన వైపు వారు ఎక్కువగా వెళ్ళే లక్నవరాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మిగతా చెరువులకు కూడా ఇందులో చాలా మాటలు వర్తిస్తాయి. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో, కొండల మధ్య కాకతీయుల కాలంలో కట్టిన చెరువు ఇది. వరంగల్ నుండి సుమారు 75 కిలోమీటర్లు, హైదరాబాదు నుండి సుమారు 220. చెరువులో చిన్న చిన్న దీవులు, వాటికి వేలాడే వంతెన, పర్యాటక శాఖవారి కాటేజీలు, పడవలు ఉన్నాయి. దారిలో పాలంపేట దగ్గర రామప్ప గుడిని చూసి వెళ్ళవచ్చు. 1213లో కట్టిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఉదయం రామప్ప, మధ్యాహ్నానికి లక్నవరం అన్నట్టు పెట్టుకుంటే చిన్నపిల్లలు కూడా అలసిపోరు.

వెళ్ళడానికి నవంబరు మధ్య నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలం. చెరువు నిండుగా ఉంటుంది, ఎండ కొట్టదు. రాత్రి చలి మాత్రం అడవి చలి, పట్నం చలి లాంటిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో గుడారంలో పగలు పడుకోవడమంటే ఉడికిపోవడమే. ముసలివారికి, పసిపిల్లలకు వడదెబ్బ తగులుతుంది. ఇక వానాకాలంలో గుడారం మాట తలపెట్టవద్దు. 2023 జూలై ఆఖరు వారంలో ఇదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు ఊళ్ళ మీదికి వచ్చి ప్రాణాలు పోయాయి. ఆ మరుసటి ఏడు, 2024 ఆగస్టు 31న, తాడ్వాయి మేడారం అడవిలో వీచిన గాలికి వేల చెట్లు కొద్దిసేపట్లోనే కూలిపోయాయి. పగలు నీడ కోసం పెద్ద చెట్టు కిందనే గుడారం వేద్దామంటారు. ఆ చెట్టుకు ఎండిన కొమ్మ ఉందేమో తల పైకెత్తి చూడాలి. ఉంటే గుడారం ఇంకో చోట వేసుకోవాలి.

రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మేడారం జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో ఆ దారంతా బండ్లే. మామూలు రోజున గంటలో చేరే దూరానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ఏదైనా జరిగితే అంబులెన్సు కూడా అదే దారిలో రావాలి గనుక ఆ వారాలు వదిలేయండి.

సొంతంగా అడవిలో ఎక్కడ బడితే అక్కడ గుడారం వేయడం క్షేమం కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. మరుగుదొడ్డి, దీపం, కాపలా ఉన్న చోట, అనుమతి ఉన్న స్థలంలోనే దిగండి. ముందుగా ఫోను చేసి నాలుగు విషయాలు అడగండి. గుడారాల దగ్గర ఆడవారికి మరుగుదొడ్డి ఎంత దూరం, రాత్రి కాపలా మనిషి ఉంటాడా, తాగునీరు ఉందా, సెల్‌ఫోన్ సిగ్నల్ వస్తుందా. సిగ్నల్ రాదంటే, ఎక్కడికి వస్తే వస్తుందో కూడా అడిగి ఉంచుకోండి. అమ్మేవారు "నలుగురి గుడారం" అంటే నలుగురు భుజం భుజం ఆనించి పడుకుంటే సరిపోయేది అని అర్థం. పిల్లలతో వెళ్ళేవారు దానిని ముగ్గురికే లెక్క వేసుకోవాలి. గుడారం వేసే చోటు నీటి అంచుకు దూరంగా, కాస్త ఎత్తుగా ఉండాలి. వాగు పారిన గుర్తున్న పల్లంలో వేయకూడదు. దాని తలుపు నీటివైపు కాకుండా మనుషుల వైపు తెరుచుకునేలా పెట్టండి. తెల్లవారుజామున లేచిన పసివాడు తలుపు తీసుకుని నేరుగా నీళ్ళ దగ్గరికి పోకుండా ఉంటాడు.

నీటి కాపలా

నీటి దగ్గర ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషికి పిల్లలను చూడడం తప్ప మరో పని ఉండకూడదు. ఫోను చేతిలో ఉండకూడదు, వంట చేయకూడదు, పేకముక్కలు పట్టుకోకూడదు. ప్రతి అరగంటకు ఇంకొకరికి అప్పగించాలి. అప్పగించేటప్పుడు "ఇక నువ్వు చూడు, నలుగురు పిల్లలు" అని పైకి చెప్పాలి. ఎదుటివారు "సరే, నలుగురు" అని లెక్క చెప్పి తీసుకోవాలి. మా వార్డులో డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు మంచం మంచానికీ తిరిగి రోగిని అప్పగించేది ఇలాగే. కొంతమంది కుటుంబాలు ఒక ఎర్ర తువ్వాలు పెట్టుకుంటారు. అది ఎవరి మెడలో ఉంటే వారే కాపలా. మాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. మందు పుచ్చుకున్న వారికి మాత్రం ఆ తువ్వాలు ఇవ్వవద్దు. సంఘం వారి యాత్రలో ఆ మాట అవసరం లేదని కొందరు అంటారు గాని, మేము క్యాజువాలిటీలో పనిచేసేవారం, చెప్పకుండా ఉండలేం.

మునిగిపోతున్న మనిషి చేతులూపి అరుస్తాడని మనం సినిమాల్లో చూస్తాం. నిజానికి అలా జరగదు. ఊపిరి తీసుకోవడానికే నోరు సరిపోదు, ఇక అరవడం ఎక్కడిది. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి. దూరం నుండి చూసేవారికి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. చిన్నపిల్లలైతే ఒక నిమిషం కూడా పట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఎక్కువ భాగం మనవంటి దేశాల్లోనే, ఇలాంటి చెరువులు, కుంటలు, కాలువల్లోనే.

మన చెరువుల అడుగు సమంగా ఉండదు. మట్టి తీసిన గుంతలుంటాయి, జారే బురద ఉంటుంది, తూటికాడ, నాచు కాళ్ళకు చుట్టుకుంటాయి. ఊళ్ళో బావిలో ఈత నేర్చుకున్నాం అనే ధీమా ఇక్కడ పనికిరాదు. దిగవద్దు అని బోర్డు ఉన్న చోట దిగవద్దు. బోర్డు లేకపోయినా తెలియని నీటిలో దిగవద్దు. చీరలు, లుంగీలు, పంజాబీ డ్రెస్సులు తడిస్తే ఎంత బరువవుతాయో ఉతికేవారికి తెలుసు. ఆ బరువు ఒంటిమీద ఉంటే ఈత వచ్చినవారు కూడా తేలలేరు. మూర్ఛజబ్బు ఉన్నవారు, ఎన్నేళ్ళుగా ఫిట్స్ రాకపోయినా, నీటి అంచుకు ఒంటరిగా వెళ్ళకూడదు. అలవాటు లేని చోట నిద్ర చెడడం, మాత్ర వేళ తప్పడం రెండూ ఫిట్స్ తెప్పించేవే.

పడవ ఎక్కితే పెద్దలూ పిల్లలూ అందరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, బకిళ్ళన్నీ పెట్టుకోవాలి. ఒడి కింద పరుచుకుని కూర్చుంటే అది ప్రాణం కాపాడదు. పెద్దవారి జాకెట్ పిల్లవాడికి వేస్తే నీటిలో పడగానే తల మీదుగా జారిపోతుంది. పిల్లల సైజు లేదంటే పిల్లలను ఎక్కించవద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన వార్త మనమందరం చదివాం. అప్పుడు బయటపడినవారు 26 మందే. పడవవాడు తొందరపెట్టినా, వెనుక వరుసలో ఉన్నవారు విసుక్కున్నా, జాకెట్ సరిచూసుకున్నాకే ఎక్కండి.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకకూడదు. ఒక పిల్లవాడిని తీయబోయి అన్న, అన్నను తీయబోయి తండ్రి, ఇలా ఒకే ఇంటి మీద రెండు మూడు శవపేటికలు రావడం ప్రతి ఎండాకాలం పేపర్లో చూస్తూనే ఉన్నాం. కర్ర చాచండి, చీర విసరండి. ఇంటి నుండే ఒక ఉపాయం చేసుకుని వెళ్ళవచ్చు. ఐదు లీటర్ల ఖాళీ నీళ్ళ డబ్బాకు మూత గట్టిగా బిగించి, పిడికి 15 మీటర్ల తాడు కట్టి ఒడ్డున పెట్టండి. ఖాళీ డబ్బా తేలుతుంది. డబ్బాలో ఒక గ్లాసుడు నీళ్ళు ఉంటే విసిరినప్పుడు దూరం వెళుతుంది. పిల్లల చేత ఒకసారి విసిరించి చూడండి, వారికి అది ఆటగానే ఉంటుంది.

బయటికి తీసాక తలకిందులుగా వేలాడదీసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో ఇంకా పోలేదు. దయచేసి చేయవద్దు. పొట్టలో నీళ్ళు ప్రాణం తీయవు. పొట్ట నొక్కితే అవి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిలిచినా పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందుగా ఊపిరి ఊదాలి. నీట మునిగినవారికి మొదట కావలసింది గాలే. తరువాత రొమ్ము ఎముక మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కాలి. నిమిషానికి 100 నుండి 120 లెక్కన. మళ్ళీ రెండు ఊపిరులు. ఒకరు ఇది ఆపకుండా చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోను చేయాలి. తేరుకుని లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలైనవారిని మేము చూశాం. చదివినంత మాత్రాన ఇది చేతికి రాదు. పదిమంది కలిసి అడిగితే మా సిస్టర్లు బొమ్మ మీద చేసి చూపిస్తారు, మీ చేత కూడా చేయిస్తారు.

రాత్రి

పాములంటే అందరూ భయపడేది పగలు, పొదల దగ్గర. మేము ఎక్కువగా భయపడేది కట్లపాము గురించి. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, కాటు గుర్తు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటారు. రాత్రి తిన్న చికెన్ పడలేదేమో అనుకుంటాం. ఆ తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి ఆడదు. గుడారంలో నిద్రలేచిన మనిషికి రెప్పలు బరువుగా వాలుతున్నాయంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా బండి తీయండి. మన దేశంలో 2000 నుండి 2019 వరకు ఏడాదికి సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకులు లెక్క కట్టారు. అందులో చాలామంది ఆసుపత్రికి చేరకముందే పోయినవారు.

కాబట్టి గుడారం జిప్పు పగలు కూడా మూసే ఉంచాలి. తినుబండారాలు లోపల పెట్టకూడదు. వాటికి ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. వీలైతే మడత మంచాలు తీసుకువెళ్ళండి. చెప్పులు, బూట్లు వేసుకునే ముందు దులపండి, తేళ్ళు కూడా అందులోనే దూరుతాయి. రాత్రి బయటికి వెళ్ళేవారు టార్చి లేకుండా అడుగు వేయకూడదు. పిల్లలకు తలా ఒక చిన్న టార్చి కొనిపెట్టండి, వాళ్ళకు సంబరం, మీకు నిశ్చింత.

కాటు పడితే తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ వద్దు. గట్టిగా కట్టు కట్టి మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చినవారి చేయి నల్లబడిపోయి తీసివేయవలసి వస్తుంది. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వస్తే తరువాత రావు. కాటు పడిన కాలుకో చేతికో కర్రబద్ద వేసి, విరిగిన ఎముకకు కట్టినట్టు కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని తీసుకువెళ్ళండి. పామును వెతికి చంపి తేవలసిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మనకు ఒకటే ఇంజెక్షను. విషం రక్తానికి ఎక్కిందా అని చూడడానికి ఆసుపత్రిలో కొంచెం రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. అంతసేపూ "ఇంజెక్షను చేయకుండా ఊరికే కూర్చున్నారు" అని సిస్టర్లను కోప్పడకండి. అది చూస్తూ ఉండడమే అప్పటి పని.

బయలుదేరే ముందే దగ్గరలో పాముకాటు ఇంజెక్షను దొరికే ఆసుపత్రి ఏదో తెలుసుకుని కాగితం మీద రాసుకోండి. లక్నవరం వెళ్ళేవారికి ములుగు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర, పెద్ద ఆసుపత్రి అంటే వరంగల్ ఎం.జి.ఎం. ఆ కాగితం ఒకటి డ్రైవరు దగ్గర, ఒకటి ఇంకొకరి దగ్గర ఉండాలి. ఫోనులో ఉంటే చాలదా అంటారు. రాత్రి రెండు గంటలకు ఆ ఫోను చార్జింగు అయిపోయి ఉంటుంది.

దోమల సంగతి కూడా రాత్రి సంగతే. మలేరియా దోమ సంధ్యవేళ నుండి తెల్లవారే వరకు కుడుతుంది. మలేరియాకు దోమే కారణమని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే అయినా, ఏజెన్సీ అడవుల నుండి ఆ జబ్బు ఇంకా పూర్తిగా పోలేదు. సాయంత్రం ఐదయ్యేసరికి పిల్లలకు నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసేయండి. దోమల మందు పూసేటప్పుడు పిల్లల అరచేతులకు పూయవద్దు, కళ్ళు నలుపుకుంటారు. గుడారంలో దోమల చక్రం వెలిగించవద్దు. చలి అని నిప్పుల కుంపటి లోపల పెట్టుకోవడం మరీ ప్రమాదం. మూసిన గుడారంలో బొగ్గు నుండి వచ్చే గాలికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలికి రగ్గులు, ఉన్ని టోపీలు, సాక్సులే మందు.

చలిమంట వేయడానికి అక్కడివారి అనుమతి ఉందేమో అడగండి. ఎండుటాకుల కాలంలో అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. మంట రాజుకోలేదని పెట్రోలు, కిరోసిను పోయవద్దు. నైలాను చున్నీ, నైటీ వేసుకున్నవారు దూరంగా కూర్చోవాలి. షుగరు ఉన్న పెద్దవారికి ఇంకొక మాట. మీలో కొందరికి అరికాళ్ళలో స్పర్శ తగ్గి ఉంటుంది. చలి కాచుకుంటూ కాళ్ళు మంటవైపు చాపితే చర్మం కాలుతున్నా తెలియదు. మర్నాడు సాక్సు తీసినప్పుడు బొబ్బలు కనిపిస్తాయి. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది, ఒక్కొక్కసారి వేలు పోతుంది. కాళ్ళు కాచుకోవద్దు, చెప్పులు లేకుండా నడవవద్దు, రాత్రి పడుకునే ముందు మనవడి చేత టార్చి వేయించుకుని అరికాళ్ళు చూసుకోండి. ఎవరికైనా కాలితే 20 నిమిషాల పాటు మామూలు నీళ్ళు పోయండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా వద్దు.

మందులు, తిండి, నీళ్ళు

బి.పి., షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు మాత్రలు లెక్కకు మించి రెండు రోజులవి ఎక్కువగా తీసుకుని, రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి. తాతగారి మాత్రలు ఎవరు చూడాలో ఒకరి పేరు చెప్పండి. కోడలికి, కొడుక్కి, కూతురికి ముగ్గురికీ చెబితే ఎవరూ ఇవ్వరు, లేదా ఇద్దరు ఇస్తారు. ఇన్సులిన్ సీసాను కారు డాష్‌బోర్డులో పెట్టవద్దు. తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో, ప్లాస్టిక్ సంచిలో వేసి పెడితే చల్లగా ఉంటుంది. అలవాటు లేని నడకతో షుగరు పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు గాని చక్కెర పొట్లం గాని ఉండాలి. ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఇన్‌హేలరు పెట్టెలో అడుగున కాకుండా తల్లి చేతిసంచిలో ఉండాలి. నెలలు నిండుతున్న తల్లులు ఈ యాత్ర మానుకుని బిడ్డతో వచ్చే ఏడు వెళ్ళవచ్చు.

తిండి గురించి మన ఆడవారికి మేము చెప్పవలసింది తక్కువ. చింతపండు పులిహోర, రొట్టెలు, పొడులు, పచ్చళ్ళు ప్రయాణానికి మంచివి. మధ్యాహ్నం వండిన చికెన్ కూర రాత్రికి దాచవద్దు, ఏది మిగిలినా తెల్లవారి తినవద్దు. చెరువు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా తాగవద్దు, పళ్ళు కూడా తోమవద్దు. డబ్బా నీళ్ళు తీసుకువెళ్ళండి, లేదా తెర్లేలా మరిగించి చల్లార్చుకోండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒక లీటరు నీటిలో మొత్తం కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచి నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ గీసినట్టు సమంగా. సబ్బు మరచిపోకండి. అన్నీ తెచ్చి సబ్బు తేని కుటుంబాలు ఎన్నో.

అడవి దారిలో కోతులు చేతిలో సంచి లాక్కుంటాయి. వాటికి అరటిపండ్లు విసరడం పిల్లలకు సరదాయే గాని, గీరినా కరిచినా పుండును సబ్బుతో పారే నీటికింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. కుక్కకైనా అంతే. ఇంటికి వచ్చాక చూద్దాం అనకూడదు.

ఇప్పుడు బయలుదేరే ముందురోజు రాత్రి అందరూ కూర్చున్నప్పుడు ఒక నోటుపుస్తకం తీయండి. నీటి కాపలా ఎవరెవరు, ఏ అరగంట. తాతగారి మాత్రలు ఎవరు. మంట ఆర్పేది ఎవరు. నీళ్ళు పోసి, కలియబెట్టి, చేయి దగ్గర పెట్టి చూసి పడుకునేది ఎవరు. రాత్రి బండి నడపగలవారు ఎవరు, తాళం ఎక్కడ ఉంటుంది. ఆసుపత్రి కాగితం ఎవరి దగ్గర. పదేళ్ళు దాటిన పిల్లలకు కూడా ఒక్కొక్క పని రాయండి. టార్చీల లెక్క ఒకరికి, చెప్పులు దులపడం ఒకరికి. వాళ్ళు పెద్దవాళ్ళకన్నా గట్టిగా చేస్తారు, మీ చెప్పులు కూడా దులిపించి గాని వదలరు.

తిరిగి వచ్చాక వారం నుండి నెల రోజుల లోపల ఎవరికైనా చలి జ్వరం వస్తే మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టుకోకండి. కొన్ని రకాల మలేరియా నెలల తరువాత కూడా బయటపడుతుంది. రక్తపరీక్షకు వచ్చినప్పుడు ఏ అడవికి, ఏ తేదీన వెళ్ళారో ల్యాబులో, డాక్టరుగారి దగ్గర అడగకముందే చెప్పండి. పట్నంలో ఉండేవారికి జ్వరం అంటే మొదట డెంగీ, టైఫాయిడ్ గుర్తుకు వస్తాయి. మీరు లక్నవరం అన్న ఒక్క మాట చెబితే మలేరియా స్లైడు కూడా అప్పుడే తీస్తారు.